పెద్దాయన మెయింటెనెన్స్

కిందటి వారం నర్సు జోవెలిన్‌ని ఆసుపత్రి మూడో అంతస్తులో, ఫ్లావియానో సర్ మంచం పక్కన, ఒక చేతిలో షుగర్ చూసే మిషనుతోనూ ఇంకో చేతిలో పంచదార కలిపిన కలమాన్సి నిమ్మరసంతోనూ నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. పెద్దాయన షుగర్ మళ్ళీ పడిపోయింది.

షుగర్ తగ్గించే మాత్ర డాక్టరు ఆపేశాడు. మాత్ర ఆపితే షుగర్ పెరగాలి. ఈయనది మాత్రం రోజూ పొద్దున, సందర్శకులు వెళ్ళిపోయిన కాసేపటికి, లిఫ్టు దిగినట్టు దిగిపోతోంది. హెడ్ నర్సు పెర్పెతువా మేడమ్‌కి ఇందులో అయోమయం ఏమీ లేదు. ఆపేసిన మాత్రని జోవెలిన్ పొరపాటున ఇస్తూనే ఉంది, అంతే. డ్యూటీ దిగేలోపు ఆ సంగతి ఒప్పుకోవాలి, లేదా కారణం చెప్పాలి. ఆ రెండూ జరగకపోతే వచ్చే నెలలో పర్మనెంట్ కావలసిన జోవెలిన్, వచ్చే నెలలో ఇంట్లో ఉంటుంది.

జోవెలిన్ పొద్దున్నుంచి తనని తానే విచారించుకుంటోంది. సరైన మనిషా? అవును. సరైన మందా? అవును. సరైన మోతాదా, సరైన వేళా, ఇచ్చే పద్ధతి సరైనదా? అవును, అవును, అవును. అన్నీ సరైనవే అయినప్పుడు ఈ మనిషికి చెమటలెందుకు పడుతున్నాయి? ఎన్నిసార్లు తలుచుకుందో గానీ, చివరికి పొద్దున ఇంటికి తాళం వేసిందా లేదా అన్నది కూడా అనుమానంగానే ఉంది.

ఫ్లావియానో సర్ రసం తాగారు. చేతుల వణుకు కాస్త తగ్గింది. ఆయన భార్య మనాంగ్ సాల్వా, అంటే సాల్వా అక్క, తువ్వాలుతో ఆయన మెడ తుడుస్తూ అంది, "ఇది షుగరూ కాదు, బెల్లమూ కాదు. పస్మా."

ఒళ్ళు వేడిగా ఉన్నప్పుడు చన్నీళ్ళు తగిలితే నరాలు తిరగబడి చేతులు వణుకుతాయని మా ఇలోయిలో ఊళ్ళో అందరికీ తెలుసు. డాక్టర్లకి తెలియదు. వాళ్ళు దూరాభారం వెళ్ళి చదువుకుని వస్తారు.

"మనాంగ్, సర్ పొద్దున్నుంచి నీళ్ళే ముట్టుకోలేదు కదా."

"నిన్న ముట్టుకున్నారు."

"నిన్న ముట్టుకుంటే ఇవాళ వణుకుతారా?"

"పస్మాకి గడియారం ఉంటుందా ఇందాయ్?" అంది సాల్వా, అమ్మాయీ అని చిన్నపిల్లని పిలిచి చెప్పినట్టు.

జోవెలిన్ ఖాళీ గ్లాసు తీసి బల్ల మీద పెట్టింది.

ఇక్కడ ఫ్లావియానో సర్ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన విద్యాశాఖలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యారు. మా వైపు రిటైరైన మనిషికి పదవి పోతుంది, మెయింటెనెన్స్ వస్తుంది. బతికినంత కాలం రోజూ వేసుకోవలసిన మాత్రల్ని మేం అలా అంటాం. నదిగట్టు మీద పొద్దున్నే నడిచే పెద్దల క్లబ్బులో పలకరింపులు కూడా దాని మీదే. "నీకెన్ని?" "నాలుగు." "నాకు ఏడు." ఏడున్నవాడు ముందు నడుస్తాడు. ఒక్క బీపీ మాత్రతో నెట్టుకొస్తున్నవాళ్ళు వెనకాల, కాస్త తలొంచుకుని వస్తారు. ఆ క్లబ్బుకి అధ్యక్షుడు ఫ్లావియానో సర్. అలాంటి మనిషికి డాక్టరు ఒక మాత్ర తీసేశాడు. కారణం మంచిదే కావచ్చు. కానీ కబురు క్లబ్బుకి చేరేసరికి "పాపం, సర్‌కి మెయింటెనెన్స్ కూడా ఆపేశారట" అని చేరింది. విన్నవాళ్ళు గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నారు.

జోవెలిన్ స్టూలు దగ్గరికి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. "సర్, ఆసుపత్రిలో ఉన్నంతసేపూ మేమిచ్చినవి తప్ప ఇంకేమీ వేసుకోకూడదు. అర్థమైందా?"

"అర్థమైంది, ఇందాయ్."

"మనాంగ్, మీకు?"

"ఎప్పుడో అర్థమైంది."

మొన్న కూడా అర్థమైందనే అన్నారు. మావాళ్ళు అర్థం కాలేదని అనరు. అంటే, చెప్పినవాళ్ళకి చెప్పడం చేతకాలేదని వేలెత్తి చూపినట్టుంటుంది. అందుకని తల ఊపుతారు. తల ఎంత గట్టిగా ఊపితే అంత తక్కువ అర్థమైందని లెక్క. జోవెలిన్‌కి ఇది బాగా తెలుసు. నర్సింగ్ కాలేజీలో మూత్రపిండాల పాఠమంతా ఆమె అలాగే పూర్తిచేసింది.

ఈసారి ఆమె ఆ ప్రశ్న అడగలేదు. "సర్, మీరు ఇన్నేళ్ళు పంతుళ్ళకే పాఠాలు చెప్పారు కదా. నాకొక పాఠం చెప్పరూ? ఇక్కడ పొద్దున లేచింది మొదలు మీరేమేం వేసుకుంటారు, ఎప్పుడు, ఎందుకు. నాకు ఏమీ తెలియదనుకోండి."

"అనుకోవడమేముంది," అన్నారు సర్. దిండు సర్దించుకుని నిటారుగా కూర్చున్నారు. మొహంలోకి రంగొచ్చింది, కలమాన్సి రసం తేలేని రంగు. పక్కనున్న అరటిపండు తీసి బెత్తంలా పట్టుకున్నారు. "రాసుకుంటావా?"

"గుర్తుపెట్టుకుంటాను సర్."

"అందరూ అలాగే అంటారు. సరే. మొదట జపమాల ప్రార్థన. తర్వాత ఆసుపత్రి మాత్రలు."

"బాగుంది సర్."

"పాఠం మధ్యలో మాట్లాడకూడదు. తర్వాత సందర్శకులు. సందర్శకులు ఏది తెచ్చినా వాళ్ళ ఎదురుగానే రుచి చూడాలి. ఆకులో చుట్టిన ఈబోస్ అన్నం తెస్తే ఈబోస్. మామిడిపండు తెస్తే మామిడిపండు. మాత్ర తెస్తే మాత్ర."

జోవెలిన్ తల ఊపింది. అలవాటు. ఊపిన తల కిందికి వచ్చాక గానీ మాట లోపలికి వెళ్ళలేదు.

"మాత్ర తెస్తేనా?"

"చేయెత్తి అడగాలి."

ఆమె చేయెత్తింది. "మాత్రలు ఎవరు తెస్తున్నారు సర్?"

"మా క్లబ్బు కన్సోర్సియా. ఆకుపచ్చది, ఇంత చిన్నది. ఆవిడదీ షుగరే, నాదీ షుగరే. మీ డాక్టరు ఇచ్చిన మాత్ర నా ఒంటికి పడలేదు. పడలేదు కాబట్టే కదా ఆపేశాడు? కన్సోర్సియాది నాకు హియాంగ్. నా ఒంటికి భేషుగ్గా పడుతోంది."

"పడుతోందని ఎలా తెలిసింది సర్?"

"వేసుకున్న కాసేపట్లోనే చెమటలు, దడ, వణుకు. మందు పనిచేస్తుంటే ఒంటికి తెలియొద్దూ? మీరిచ్చేవి వేసుకుంటే ఏమీ తెలియదు. నీళ్ళు తాగినట్టుంటుంది."

"అది పస్మా," అంది సాల్వా.

జోవెలిన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఆపేసిన మాత్రని తను ఇవ్వలేదు. తనకి మతి పోలేదు. ఇంటికి తాళం కూడా వేసే ఉంటుంది. "మనాంగ్, ఆవిడ మాత్ర ఇస్తుంటే మీరు వద్దని అనలేదా?"

"ఎలా అంటాను? ఆవిడ తన దాంట్లోంచి తీసి ఇస్తోంది. పైగా దగ్గరే నిలబడి చూస్తుంది. పక్కన పెట్టి తర్వాత వేసుకుంటాం అంటే, మొన్న తను తెచ్చిన బత్చోయ్ సూపు కూడా ఇలాగే పక్కన పెట్టారా అంటుంది."

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని మనోంగ్ వెన్సీ, అంటే వెన్సీ అన్న, వచ్చాడు. క్లబ్బు కోశాధికారి. ఒక చేతిలో మామిడిపళ్ళు, ఇంకో చేతిలో మడతపెట్టిన టిష్యూ కాగితం. టిష్యూని ఫ్లావియానో సర్ అరచేతిలో పెట్టి, గుప్పిట మూసి, పైన తట్టాడు. "నా బీపీది. ఒక్కటి వేసుకుంటే రెండు పూటలకీ పనిచేస్తుంది. మీరు వేసుకోండి సర్, నేను చూస్తాను."

జోవెలిన్ ఆ గుప్పిట విప్పి టిష్యూని తన జేబులో వేసుకుంది. వెన్సీ చిన్నబుచ్చుకున్నాడు.

"మనోంగ్, కోపం తెచ్చుకోకండి. ఒకరి మందు ఇంకొకరు వేసుకోకూడదు. ఇప్పుడు మీ కళ్ళజోడు ఉంది. అది సర్ పెట్టుకుంటే ఆయనకి పేపరు కనిపిస్తుందా?"

"ఎందుకు కనిపించదు? నేను మర్చిపోయిన రోజు ఆయనదే పెట్టుకుంటాను. ఆయనది ఇంకా బాగా కనిపిస్తుంది."

కాలేజీలో ఈ ఉదాహరణ చెప్పిన మేడమ్‌ని జోవెలిన్ మనసులో ఒక మాట అంది. "పోనీ, కట్టుడు పళ్ళ సెట్టు? అది మార్చుకుంటారా?"

వెన్సీ, సర్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఒకసారి ఫియెస్టా పండగలో," అని మొదలుపెట్టింది సాల్వా.

"సాల్వా!" అన్నారు సర్.

జోవెలిన్ ఉదాహరణలు కట్టిపెట్టింది. షుగర్ మిషను ఆయన కళ్ళ ముందు పెట్టింది. "సర్, ఇది చదవండి. ఆ ఆకుపచ్చ మాత్ర వేసుకోక ముందు పొద్దున ఎంతుందో నేను మీకు చెప్పాను. ఈ అంకె ఆ మాత్ర వేసుకున్న తర్వాతది. ఆ చెమటలు మందు పనిచేస్తున్నందుకు కాదు, మీ మెదడుకి తిండి అందక. ఇంకా కొంచెం దిగితే ఉన్నట్టుండి మాట పడిపోతుంది. నిద్రపోయారనుకుని మనాంగ్ దుప్పటి కప్పుతుంది. మర్నాడు క్లబ్బు నదిగట్టు మీద మీ ఫోటో పట్టుకుని నడుస్తుంది."

ఫ్లావియానో సర్ ఆ అంకెని చాలాసేపు చూశారు. అంకెల మీద ఆయనకి గౌరవం ఉంది. అరటిపండు కింద పెట్టేశారు. సాల్వా ఆయన చేయి పట్టుకుంది. ఈసారి పస్మా అనలేదు.

"ఇప్పుడు మళ్ళీ పాఠం చెప్పండి సర్. రేపు ఎవరైనా మాత్ర తెస్తే?"

"నోట్లో వేసుకోను. చేతికి తీసుకుని, థాంక్స్ చెప్పి, నీకిస్తాను."

"వాళ్ళు నిలబడి చూస్తుంటే?"

ఆయనకి ఇది కష్టమైన ప్రశ్న. "నర్సమ్మ కొడుతుందని చెప్తాను."

"అలాగే చెప్పండి. చెమటలు పడితే?"

"మందు పనిచేస్తోందని మురిసిపోకుండా బెల్ కొడతాను."

జోవెలిన్‌కి ఒక్కసారి కాళ్ళ కింద నేల దొరికినట్టయింది. పెర్పెతువా మేడమ్ దగ్గరికి వెళ్ళి ఏం చెప్పాలో వాక్యాలు కూడా కుదిరాయి. లేచి స్టూలు వెనక్కి జరిపింది.

"మరి మేం తిరిగి ఇచ్చేది?" అన్నారు సర్.

"ఏం తిరిగి ఇచ్చేది?"

"పాఠం పూర్తి కాలేదు. నువ్వే లేచిపోయావు. ఎవరైనా గిన్నెలో ఏదైనా తెస్తే ఆ గిన్నె ఖాళీగా తిప్పి పంపుతామా? ఆవిడ మాత్ర ఇస్తే ఉత్త చేతులతో పంపిస్తామా? నా దగ్గర ఇక్కడేముంది ఇవ్వడానికి? గులాబీ రంగుది ఇచ్చాను."

జోవెలిన్ మళ్ళీ కూర్చుంది.

గులాబీ రంగుది రక్తం గడ్డకట్టకుండా ఉంచే మాత్ర. సర్ గుండె తాళం తప్పి కొట్టుకుంటోంది. అందులో చిన్న గడ్డ కట్టి తలకెక్కితే మనిషి ఒక పక్క పడిపోతాడు. అందుకని రోజూ పొద్దున అది ఇస్తారు. ఇవాళ కూడా జోవెలినే ఇచ్చింది. ఇచ్చింది అంటే, కప్పులో వేసి తెచ్చింది. గదిలో జపమాల ప్రార్థన జరుగుతోంది. సర్ కళ్ళు మూసుకుని ఉన్నారు. ఒక కన్ను తెరిచి, బల్ల వైపు చూపించి, మళ్ళీ మూసుకున్నారు. దేవుడికీ పెద్దాయనకీ మధ్య దూరి "నోరు తెరవండి" అనడానికి ఆమెకి మొహమాటం అడ్డొచ్చింది. కప్పు బల్ల మీద పెట్టి, మింగినట్టు టిక్కు పెట్టి, పక్క మంచానికి వెళ్ళిపోయింది.

"ఎందుకు సర్? అది ఎందుకిచ్చారు?"

"అది నాకు హియాంగ్ కాదు. పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలోంచి రక్తం వస్తోంది."

"ఆ సంగతి నాకు చెప్పాలి కదా!"

"నువ్వు అర్థమైందా అని అడిగావు. రక్తం వస్తోందా అని అడగలేదు."

జోవెలిన్ స్టూలు మీంచి లేచింది. "ఆవిడ ఇప్పుడెక్కడుంది?"

"డెంటిస్టు దగ్గర," అన్నాడు వెన్సీ, మామిడిపళ్ళు బుట్టలో సర్దుతూ. "ఇక్కడ్నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళారు, ఆలుమగలిద్దరూ. పన్ను పీకించడానికి."

పన్ను పీకితే రక్తం వస్తుంది. ఆ మాత్ర వేసుకున్న మనిషికైతే వచ్చి ఊరుకోదు, వస్తూనే ఉంటుంది.

"మనోంగ్, ఆ డెంటిస్టు నంబరు ఉందా?"

ఉంది. క్లబ్బంతా ఆయన దగ్గరికే వెళుతుంది. వెన్సీ ఫోను తీసి, నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు. అతనికి చెవులు సరిగ్గా వినపడవు. అందుకని అతని కుటుంబ విషయాలన్నీ ఊరందరికీ తెలుసు. ఫోను మోగుతూనే ఉంది. అది మోగుతుండగా తలుపు తెరుచుకుని పెర్పెతువా మేడమ్ లోపలికి వచ్చింది. గదిలో మొహాలన్నీ చూసి, చేతులు కట్టుకుని, గోడ పక్కన నిలబడింది.

"హలో, క్లినిక్," అంది ఒక ఆడపిల్ల గొంతు. వెనకాల ఎవరో పెద్దగా మాట్లాడుతున్నారు.

"ఆసుపత్రి నుంచి నర్సుని. కన్సోర్సియా గారు అక్కడున్నారా? దయచేసి పన్ను తియ్యకండి."

"ఉన్నారు మేడమ్. ఆవిడకి పన్ను తియ్యడం ఏమిటి? పన్ను వాళ్ళాయనది, మనోంగ్ తిబుర్సియోది. తీసేశాం కూడా."

జోవెలిన్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. "అయితే సరే. ఆవిడకి చెప్పండి, ఫ్లావియానో సర్ ఇచ్చిన మాత్ర వేసుకోవద్దని."

"ఆ మాత్రేనా? అది ఆవిడ వేసుకోలేదు మేడమ్. కుర్చీలో కూర్చోవడానికి ఆయన భయపడుతుంటే, ధైర్యానికి పనికొస్తుందని దార్లోనే ఆయనకి వేసేశారట. పెద్దాసుపత్రి మాత్ర అని." గొంతు తగ్గించింది. "రక్తం ఆగడం లేదు మేడమ్. దూది మార్చి మార్చి పెడుతున్నాం. డాక్టరుగారు ఏం మాత్రని అడుగుతుంటే ఆవిడ గులాబీ రంగుది అంటారు తప్ప పేరు చెప్పలేకపోతున్నారు. మీకు తెలుసా?"

జోవెలిన్ పేరు చెప్పింది. అక్షరం అక్షరం కూడబలికి చెప్పింది, మోతాదుతో సహా. "శుభ్రమైన బట్ట మడిచి గట్టిగా కొరికి పట్టుకోమనండి. వెంటనే మా ఎమర్జెన్సీకి తీసుకురండి."

"ఆ మాత్ర ఈ వార్డులో ఒక్కరికే ఉంది," అంది పెర్పెతువా మేడమ్. గొంతు పెంచలేదు. "పొద్దున ఆయన మింగారని నువ్వే టిక్కు పెట్టావు. మింగడం చూశావా, జోవీ?"

జోవెలిన్ నోరు తెరిచింది. అంతలో ఫ్లావియానో సర్ దిండు మీద ఇంకాస్త నిటారుగా లేచారు.

"చూసింది," అన్నారు. సూపర్‌వైజరు గొంతు. "పిల్ల ఎదురుగానే మింగాను. నోరు తెరిచి చూపించాను కూడా. కన్సోర్సియాకి నేను మాత్రా ఇవ్వలేదు, గీత్రా ఇవ్వలేదు. ఈ పిల్లనేమీ అనకండి మేడమ్, మంచి పిల్ల."

"అవును," అంది సాల్వా వెంటనే. "నేనూ చూశాను." ఏం చూడాలో తెలియకపోయినా వెన్సీ కూడా తల ఊపాడు.

పెర్పెతువా మేడమ్ ముగ్గురినీ చూసింది. ఫోనులో ఇంకో గొంతు వినిపించింది, డాక్టరుది. "ఎవరండీ అక్కడ మాట్లాడుతున్నది? మీ పేషెంటు మింగేసుంటే ఇది ఆ మాత్ర కాదు కదా. మరి ఇదేమిటి? ఆసుపత్రికి తేవాలా, కుట్టు వేసి ఇంటికి పంపాలా? ఏదో ఒకటి చెప్పండి, ఈయన మొహం పాలిపోతోంది."

సర్ జోవెలిన్ వైపు చూసి కళ్ళతోనే ఊరుకోమన్నారు. ఎంతో ప్రేమగా ఊరుకోమన్నారు. పెద్దవాళ్ళు నలుగురిలో ఒక మాట అన్నాక చిన్నవాళ్ళు కాదనడం మా దగ్గర జరగదు. ఆమె ఊరుకుంటే చాలు. వచ్చే నెల పర్మనెంట్.

జోవెలిన్ ఫోను దగ్గరికి వంగింది.

"అదే మాత్ర, డాక్టర్. మా పేషెంటు మింగలేదు. కప్పు బల్ల మీద పెట్టి నేను వెళ్ళిపోయాను, మింగడం చూడలేదు. తొందరగా తీసుకురండి."

ఫోను కట్టయింది. ఫ్లావియానో సర్ మొహం గోడ వైపు తిప్పుకున్నారు. పెర్పెతువా మేడమ్ గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి, జోవెలిన్ ఎదురుగా నిలబడి, చేయి చాపింది. జోవెలిన్ చొక్కాకి ఉన్న బ్యాడ్జి పిన్ను తియ్యబోయింది.

"ఇప్పుడు కాదు," అంది మేడమ్, ఆ చేతినే పట్టుకుని తలుపు వైపు లాగుతూ. "ఆ ముసలాయన వస్తున్నాడు. రక్తం ఆగేదాకా నాకు నర్సు కావాలి. ఆగాక ఇద్దువుగాని బ్యాడ్జి."